చిల్లుల భాషకు చెల్లుచీటీ రాసేదెవరు?

◆ 2018 ఫిబ్రవరిలో దేశదేశాల ఐఫోన్లను పడుకోబెట్టిన ఘనత మన తెలుగు అక్షరానిది. ఆ అక్షరం ‘జ్ఞా’. రోజూ రాసే జ్ఞా కాదులెండి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి, చివర దీర్ఘం. ఈ ఐదూ ఈ వరసలో వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోను ఆ అక్షరాన్ని తెరమీద పేర్చబోయి కుప్పకూలేది. మెసేజి తెరవక్కర్లేదు, నోటిఫికేషన్‌లో వచ్చినా చాలు. ఖమ్మంలో ఎవరో సరదాకి పంపితే కాలిఫోర్నియాలో ఫోను ఆగిపోయేదన్నమాట. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి దీన్ని సరిదిద్దింది. భద్రతా నోటులో కారణం క్లుప్తంగా రాసింది: మెమరీ చెదరడం. తప్పు అక్షరానిది కాదు, దాన్ని పేర్చే కోడ్‌ది.

◆ మెమరీ చెదరడమంటే ఏమిటి? ప్రోగ్రాముకు మెమరీలో కొంత జాగా కేటాయిస్తారు. పది గుంటల చేను అనుకోండి. సి భాషలో అయితే నాగలి పదకొండో గుంటలోకి దిగినా ఆపేవాడు ఉండడు. అక్కడ పక్కవాడి మిర్చి ఉందా, పత్తి ఉందా అని చూడకుండా దున్నుకుంటూ పోతుంది. సురక్షిత భాషలు గట్టు దగ్గరే ఎద్దుల్ని నిలేస్తాయి. తేడా ఇంతే, కానీ దీని ఖరీదు చిన్నది కాదు. మైక్రోసాఫ్ట్ ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం ఈ బాపతువేనని 2019లో ఆ కంపెనీ ఇంజనీరే సభలో చెప్పారు. మరుసటేడు క్రోమ్ బ్రౌజర్ బృందం తమ తీవ్రమైన లోపాలను లెక్కేసుకుంటే అక్కడా దాదాపు 70 శాతమే తేలింది.

◆ సురక్షిత భాషలు ఆలస్యంగా పుట్టాయి కాబట్టి వెనకబడ్డాయని చాలామంది అనుకుంటారు. అసలు కథ తిరగబడి ఉంది. 1960 దశకం మొదట్లో ఇంగ్లండులోని ఇలియట్ కంపెనీలో టోనీ హోర్ ఆల్గాల్ భాషకు కంపైలర్ రాశారు. హద్దు దాటుతున్నామేమో చూసే తనిఖీని అందులోనే పెట్టారు. తనిఖీ వల్ల వేగం తగ్గుతుంది కదా, కావాలంటే తీసేసుకునే వీలు ఇవ్వమంటారా అని తర్వాత వాడకందార్లను అడిగారు. వద్దంటే వద్దన్నారు వాళ్లంతా. 1980లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ హోర్ ఈ సంగతి చెప్పి, భాషలు తయారుచేసేవాళ్లు ఆ పాఠం ఇంకా నేర్చుకోలేదని వాపోయారు. అప్పటికే సి వచ్చి ఎనిమిదేళ్లయింది. అన్నట్టు, ఏమీ లేనిచోటును చూపించే ‘నల్’ అనే సదుపాయాన్ని 1965లో కనిపెట్టిందీ ఈయనే. 2009లో అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని ఆయనే ఒప్పుకున్నారు.

◆ మరి తనిఖీ లేని సి ఎలా గెలిచింది? ముఖ్యంగా ఒక కోర్టు ఒప్పందం పుణ్యాన. టెలిఫోన్ వ్యాపారం తప్ప మరో వ్యాపారం చేయకూడదని 1956లో అమెరికాలో ఏటీ అండ్ టీకి కట్టడి పడింది. ఆ కంపెనీకి చెందిన బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి భాషనూ, కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్‌నూ తయారుచేశారు. అమ్ముకునే దారి లేదు కాబట్టి యూనిక్స్‌ను కోడ్‌తో సహా విశ్వవిద్యాలయాలకు కారుచౌకగా ఇచ్చారు. అక్కడ చదివిన పిల్లలు ఉద్యోగాల్లో చేరుతూ సి ని వెంట తీసుకెళ్లారు. చవక, చిన్నది, ఏ యంత్రం మీదికైనా కొద్ది నెలల్లో ఎక్కించవచ్చు అన్నట్టుండేది. సగం బాగున్నదైనా తొందరగా పాకేదే మొత్తం బాగున్నదాన్ని మింగేస్తుందని రిచర్డ్ గాబ్రియల్ అనే లిస్ప్ భాషాభిమాని తర్వాత ఒక వ్యాసంలో వివరించారు. ఓడిన పక్షంవాడు రాసినా వ్యాసంలో ఏడుపు లేదు.

◆ ఒకసారి పాకినదాన్ని దిద్దడం ఎంత కష్టమో చూడండి. ప్రోగ్రాములను కూర్చే ‘మేక్’ అనే పనిముట్టులో ఒక వింత నియమం ఉంది. కొన్ని పంక్తులు ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. అదే వెడల్పున స్పేసులు కొడితే ఒప్పుకోదు. కంటికి రెండూ ఒకేలా కనపడతాయి కనుక కొత్తవాళ్లు గంటలకు గంటలు జుట్టు పీక్కుంటారు. 1976లో దాన్ని రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కు కొద్ది వారాల్లోనే ఈ ఇబ్బంది తెలిసింది. అప్పటికి దాన్ని వాడుతున్నది డజను మంది స్నేహితులు. వాళ్లను ఎందుకు ఇబ్బంది పెట్టడమని అలాగే వదిలేశారు. ఆ డజను మంది కోసం పడ్డ మొహమాటం అర్ధ శతాబ్దంగా నడుస్తోంది.

◆ ఖమ్మం, కొత్తగూడెం వైపు ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లను అడిగి చూడండి, మొదటి కంప్యూటర్ ల్యాబ్ అనగానే చాలామందికి నీలం తెర కళ్ల ముందు మెదులుతుంది. అది టర్బో సి. బోర్లాండ్ కంపెనీ 1987లో డాస్ కోసం విడుదల చేసిన సరుకు; దాని వెంట వచ్చిన టర్బో సి++ మన దేశంలో కాలేజీ కాలేజీకీ పాకింది. డాస్ పోయింది, బోర్లాండ్ పోయింది, నీలం తెర మాత్రం పోలేదు. కొత్త విండోస్ దాన్ని నడపలేనంటే, డాస్‌బాక్స్ అనే తొడుగు తొడిగి మరీ నడిపించుకున్న ల్యాబులున్నాయి. ‘వాయిడ్ మెయిన్’, ‘కోనియో డాట్ హెచ్’, తెర తుడిచే ‘క్లర్‌స్క్ర్’, చివర్న తెర ఆగడానికి ‘గెట్‌సీహెచ్’. ఇవేవీ సి భాష ప్రమాణంలో లేవు. పిల్లలకు మాత్రం సి అంటే ఇవే. పూర్ణాంకానికి ఎన్ని బైట్లు అంటే రెండని రాసి మార్కులు తెచ్చుకున్నారు, అంటే 32,767 దాటిన సంఖ్య పట్టదు. జేబులో ఉన్న ఫోనులో అదే పూర్ణాంకం నాలుగు బైట్లు.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ‘గెట్స్’. వాడకందారు టైపు చేసింది ఎంత పొడవున్నా ఇచ్చిన జాగాలో కుక్కేసే ఫంక్షన్ అది. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ఇంటర్నెట్‌లోకి చొరబడిన దారుల్లో ఒకటి ఇదే. సి ప్రమాణం నుంచి దాన్ని పూర్తిగా తొలగించేసరికి 2011 వచ్చింది. ఆ తర్వాత కూడా పాత ల్యాబ్ మాన్యువల్‌లో ఉంది కాబట్టి రికార్డు బుక్కులోకి ఎక్కుతుంది, రికార్డులో ఉంది కాబట్టి ఎక్స్‌టర్నల్ వైవాలో అడుగుతారు, వైవాలో అడుగుతారు కాబట్టి సీనియర్ జూనియర్‌కు అదే చెబుతాడు. లెక్చరర్‌ను తప్పుపట్టడం తేలిక. సిలబస్ మారితే ప్రశ్నపత్రం, పుస్తకం, ల్యాబ్ పరికరాలు, దిద్దేవాళ్లు అందరూ ఒకే ఏడాది మారాలి. ఒక్కడు మారితే వాడి పిల్లలకే మార్కులు పోతాయి. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లకు నెలవైన అమీర్‌పేటదీ ఇదే చక్రం. కంపెనీలు అడిగే భాషే కోచింగ్ సెంటర్ బోర్డు మీద ఉంటుంది, బోర్డు మీద ఉన్నదే పిల్లలు నేర్చుకుంటారు, పిల్లలు దొరుకుతున్నారు కాబట్టి కంపెనీలు దాన్నే అడుగుతాయి.

◆ పాల్వంచ విద్యుత్ కేంద్రం, మణుగూరు భారజల కర్మాగారం, సారపాక కాగితం మిల్లు. ఇలాంటి పెద్ద కర్మాగారాల్లో మోటార్లు, వాల్వులు నడిపించే పీఎల్‌సీ పెట్టెలకు సాధారణంగా వాడే ‘ల్యాడర్’ భాష చూస్తే ప్రోగ్రామర్లకు నవ్వొస్తుంది. అది రాత కాదు, నిచ్చెన బొమ్మ. 1968లో డిక్ మోర్లీ బృందం ఈ పెట్టెను రూపొందించేటప్పుడు, కర్మాగారాల ఎలక్ట్రీషియన్లకు అప్పటికే తెలిసిన రిలే వైరింగ్ పటాన్నే భాషగా మార్చారు. ఇంతకన్నా పొందికైన భాషలు 1993లో అంతర్జాతీయ ప్రమాణంలోకి వచ్చాయి. అర్ధరాత్రి షిఫ్టులో కన్వేయర్ ఆగితే చూసేది ఎలక్ట్రీషియనే కాబట్టి నిచ్చెన కదల్లేదు. దీన్ని లోపమని నేననలేను.

◆ ఆజ్ఞాపిస్తే మారుతుందా? అమెరికా రక్షణ శాఖ ఆ ప్రయోగమూ చేసింది. 1970లలో లెక్కేస్తే తన ప్రాజెక్టుల్లో 450కి పైగా భాషలున్నాయని తేలింది. అన్నిటికీ బదులుగా తనిఖీలు పుష్కలంగా ఉన్న ‘అడా’ భాషను తయారుచేయించి, వాడి తీరాలంది. 1997లో ఆ నిబంధనను ఎత్తేసింది. అయినా ప్రాణాలతో చెలగాటమున్న చోట అడా బతికింది. మన తేజస్ యుద్ధ విమానాన్ని గాల్లో నిలకడగా ఉంచే కంప్యూటర్ల ప్రోగ్రాము అడా భాషలోని ఒక భాగంతో రాసిందే. అక్కడ పొరపాటు జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో ముందే తెలుసు. మిగతా చోట్ల అలా కాదు: భాషను ఎంచుకునేవాడు ఒకడు, దాని చిల్లుల వల్ల నష్టపోయేవాడు ఇంకొకడు. ఈ వ్యవహారమంతటికీ కీలకం ఇక్కడుందని నాకనిపిస్తుంది.

◆ దానికి వీధి స్థాయి రుజువు కావాలంటే ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లండి, ఖమ్మంలోనైనా భద్రాచలంలోనైనా. పెళ్లి పత్రిక, ఫ్లెక్సీ, కరపత్రం ఏది కొట్టించినా చాలాచోట్ల పని జరిగేది అను ఫాంట్లలో. ఈ ఫాంట్ల కిటుకు ఏమిటంటే, కంప్యూటర్ లోపల ఉండేది ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. వాటి మీద తెలుగు బొమ్మలు అతికించి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. గూగుల్‌లో వెతికితే దొరకదు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంటుతో యూనికోడ్ తెలుగును ఇంటికే తెచ్చింది. మంచి ప్రత్యామ్నాయం కళ్ల ముందే ఉంది. మరెందుకు మారలేదు?

కారణాలు ఒకటి కాదు. డీటీపీ వాళ్ల ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. దాని చివరి వెర్షన్ 7.0 కూడా 2001దే, దానికి యూనికోడ్ తెలుగు రాదు. వేళ్లకు యాపిల్ కీబోర్డు అని పిలుచుకునే లేఅవుట్ అలవాటు. శుభలేఖ మీద పెట్టుకునే వయ్యారి అక్షరాలు అనులో బోలెడు, యూనికోడ్‌లో చాలా ఏళ్లపాటు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ప్లేట్లు వేసే ప్రెస్సూ అనునే అడుగుతుంది. పైగా పెళ్లి పత్రికను ఎవరూ గూగుల్‌లో వెతకరు. కాబట్టి డీటీపీ ఆయన లెక్కలో తప్పు లేదు. నష్టమంతా పదిహేనేళ్ల తర్వాత ఓ పాత స్థానిక పత్రికలో తన ఊరి పేరు వెతుక్కునే వాడిది. అప్పట్లో ఆ ఫాంటు ఎంచుకున్నప్పుడు అతన్ని ఎవరూ అడగలేదు.

◆ భద్రాచలం దాటి అడవిలోకి వెళ్తే ఇదే చిక్కు మనుషుల భాషకు కనిపిస్తుంది. కోయ మాట్లాడేవాళ్లు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగింటా ఉన్నారు. ఇటువైపు కోయను తెలుగు లిపిలో రాస్తారు, సుక్మా వైపు దేవనాగరిలో, మల్కన్‌గిరి వైపు ఒడియాలో. కోయకు దగ్గరి చుట్టమైన గోండికి సొంత లిపులే ఉన్నాయి. మసరం గోండి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడ్డ రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. కానీ బడి పుస్తకం, బస్సు బోర్డు, రేషన్ కార్డు ఏ లిపిలో ఉంటే పిల్లాడి చేతికి అదే లిపి వస్తుంది. రాష్ట్రానికో లిపి ఎంచుకున్నవాళ్లు తమ తమ రాజధానుల్లో ఉన్నారు. శబరి నది అవతలి ఒడ్డున ఉన్న మేనమామ రాసింది చదవలేకపోయేది ఇక్కడి కోయ పిల్ల.

◆ లోపాన్ని అందరూ తిట్టుకోరు, కొందరికి అది కూడు పెడుతుంది. 1959లో పుట్టిన కోబాల్ భాషలో జాగా ఆదా కోసం సంవత్సరాన్ని రెండు అంకెల్లోనే దాచుకునే అలవాటు ఉండేది. 2000 వచ్చేసరికి అది 1900 అవుతుందని భయం పట్టుకుంది. ఆ కోడ్ దిద్దడానికి 1990ల చివర్లో వేలాది తెలుగు కుర్రాళ్లు విమానం ఎక్కారు. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడు అమెరికా చట్టం మార్చి హెచ్1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. కోబాల్ చచ్చిపోయిందనుకుంటున్నారా? 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, కోబాల్ వచ్చినవాళ్లు సాయానికి రండని న్యూజెర్సీ గవర్నర్ టీవీలో బతిమాలుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు దండిగా ఉన్న రాష్ట్రం మరి.

◆ పాతదాన్ని పట్టుకుని వేలాడేవాళ్లంతా మూర్ఖులని తీర్మానించే ముందు భద్రాచలం గోదావరి గట్టు దాకా వచ్చి వెళ్లండి. దేశానికి మెట్రిక్ కొలతలు తెచ్చిన చట్టం 1956ది. ఇక్కడ వరద హెచ్చరికలు మాత్రం ఇప్పటికీ అడుగుల్లోనే: 43 దాటితే మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3కు చేరింది. ఈ అంకెలు ఊరివాళ్లకు నోటికి వచ్చు. ఎన్ని అడుగులకు ఏ వీధిలోకి నీరొస్తుందో, ఏ ఊరి దారి తెగుతుందో మనుషుల బుర్రల్లో ఉంది. ఒక వానాకాలం హఠాత్తుగా మీటర్లు ప్రకటించి చూడండి, ఎవరు ఎప్పుడు ఇల్లు ఖాళీ చేయాలో తేల్చుకునేలోపు నీళ్లు గడప తడతాయి. అరవై ఏళ్ల కోబాల్ కోడ్‌ను ముట్టుకోవడానికి బ్యాంకులు జంకేదీ ఇందుకే. నియమాలు రాసిపెట్టిన చోటు అదొక్కటే, రాసినవాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు.

◆ 2024 జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టిన రోజు అది. కారణం తెలిస్తే విస్తుపోతారు. ప్రోగ్రాము చేతికి 20 విలువలే అందాయి, అది 21వ దాన్ని చదవబోయింది. హద్దు అవతలి మెమరీ. మామూలు ప్రోగ్రామైతే అదొక్కటే ఆగేది. ఇది విండోస్ గుండెకాయలో కూర్చున్నది కావడంతో మొత్తం కంప్యూటరే పడిపోయింది. కంప్యూటర్లను కాపాడటానికి పెట్టుకున్న ప్రోగ్రామే ఈ పని చేసింది. సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ఒప్పందాల్లో, నష్టానికి మా పూచీ బహు స్వల్పం అనే షరతు మామూలుగా ఉంటుంది. క్యూలో నిలబడ్డ ప్రయాణికుడు ఆ ఒప్పందంలో పక్షమే కాదు.

◆ సురక్షిత భాషలన్నీ ఓడిపోయాయనుకుంటే పొరపాటు. 1995లో వచ్చిన జావా హద్దులు చూస్తుంది, అయినా గెలిచింది. సి లాగే కనపడేట్టు దాని రాత తీర్చిదిద్దారు, ఉచితంగా ఇచ్చారు. హోర్ గారి ‘నల్’ను మాత్రం అలాగే ఉంచారు! పైథాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంకా కదలనిది అడుగు పొర: ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, డ్రైవర్లు. జావాస్క్రిప్ట్‌ది మరో తంటా. దాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశారు. అందులో ‘నల్’ ఏ రకమని అడిగితే ‘ఆబ్జెక్ట్’ అని తప్పు జవాబు వస్తుంది. తప్పని అందరికీ తెలుసు. దిద్దితే దాని మీద ఆధారపడ్డ పాత వెబ్‌సైట్లు విరుగుతాయని వదిలేశారు.

◆ అడుగు పొరను కదిలిస్తున్నది ప్రస్తుతానికి ‘రస్ట్’. కెనడాలోని వాంకూవర్‌లో 2006లో గ్రేడన్ హోర్ (ఈయన ఇంటిపేరూ హోరే) ఇంటికొచ్చేసరికి లిఫ్టు పనిచేయడం లేదు, దాని సాఫ్ట్‌వేర్ కూలింది. ఇరవై ఒకటో అంతస్తుకు మెట్లెక్కుతూ ఆయన మనసులో వేసుకున్న విత్తనం ఇది. 2015 మే 15న 1.0 విడుదలైంది. మెమరీలో ఏ జాగా ఎవరిది, ఎంతకాలం అనే పంచాయితీలు చాలావరకు ప్రోగ్రాము నడవకముందే, కంపైల్ చేసేటప్పుడే తేల్చేస్తుంది. 2022 డిసెంబరులో లినక్స్ 6.1లోకి అడుగుపెట్టింది. అక్కడి పెద్దలందరూ ఆనందంగా స్వాగతించారని మాత్రం చెప్పలేం. ముప్పై ఏళ్లుగా సి లో ఆరితేరినవాడికి మళ్లీ ఒకటో తరగతి అంటే కష్టమే.

ఆండ్రాయిడ్‌లో జరిగింది మరింత ఆసక్తికరం. గూగుల్ అక్కడ పాత సి, సి++ కోడ్ జోలికి పెద్దగా పోలేదు. కొత్తగా రాసేది మాత్రం సురక్షిత భాషల్లో రాయించింది. 2019లో భద్రతా లోపాల్లో 76 శాతం మెమరీవి కాగా 2024కు 24 శాతానికి దిగాయి. చిల్లులు ఎక్కువగా కొత్త కోడ్‌లోనే పడతాయట. పాత కోడ్‌లో ఉన్నవి ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే దొరికిపోతాయి. పాతవాళ్లను తిట్టకుండా, ఫైళ్లు పారేయకుండా, వేళ్ల అలవాటు ఒక్కసారిగా మార్చకుండా సాధించారు. అడా ఆజ్ఞకు కుదరనిది ఇలా కుదిరింది.

◆ ఇక మిగిలిన పాత సి కోడ్ ఏం కావాలి? అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2024లో ఒక పథకం ప్రకటించింది. పాత సి ప్రోగ్రాములను యంత్రాల చేతనే రస్ట్‌లోకి తిరగరాయించడం దాని పని. పథకం పేరు ట్రాక్టర్. పాతికేళ్ల కిందట రెండంకెల సంవత్సరాన్ని చేత్తో దిద్దడానికి పోయిన మన కుర్రాళ్ల పిల్లలకు ఈసారి అంత పని మిగులుతుందో లేదో.